వరుసల మధ్య ఖాళీ

మనస్తత్వశాస్త్ర పరిశోధనను పత్రికకు పంపేవాళ్లకు ప్రయోగం చేసినప్పటికన్నా, రాతప్రతిని తీర్చిదిద్దే ఆఖరి మెట్టు దగ్గరే విసుగు ఎక్కువ. నాలుగు వైపులా అంగుళం మార్జిన్, ఆసాంతం డబుల్ స్పేస్, ప్రతి పేజీ నెత్తిన యాభై అక్షరాలకు మించని పొట్టి శీర్షిక, రిఫరెన్సుల్లో మొదటి వరుస తప్ప మిగతావన్నీ లోపలికి జరగడం... ఇదంతా అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ చాదస్తమని, శాస్త్రానికి దీనితో పనేమిటని సణిగేవాళ్లు తక్కువేం కాదు. ఈ నియమాల పుట్టుక వెతుక్కుంటూ వెళితే మాత్రం ఎక్కువగా ఎదురయ్యేది అచ్చాఫీసు పద్దు. ఒకప్పుడు అచ్చక్షరాలు కూర్చే కంపోజిటర్ చేతినీ, పత్రిక జేబునీ కాచిన ఏర్పాట్లే తరవాతి కాలంలో శాస్త్రీయ మర్యాదలయి కూర్చున్నాయి.

1928లో మనస్తత్వ, మానవశాస్త్ర పత్రికల వాళ్లు రాతప్రతుల రూపం గురించి మాట్లాడుకోవడానికి కలిశారు. వచ్చినవాళ్లు సంపాదకులొక్కరే కాదు, పత్రికల వ్యాపార నిర్వాహకులు కూడా. ఈ వివరం దగ్గర కాస్త ఆగాలి. రాత ఎలా ఉండాలో తేల్చే చోట డబ్బు లెక్క చూసేవాడికి కుర్చీ ఎందుకు? సీసపు అక్షరాలతో అచ్చు కూర్చే రోజుల్లో ప్రూఫు దశలో మార్చిన ప్రతి వరుసా ఖర్చే కాబట్టి. ఆ సమావేశపు ఫలితం 1929లో సైకలాజికల్ బులెటిన్‌లో ఏడు పేజీల సూచనలుగా వెలువడింది. కావలసిన చోట మినహాయింపులు తప్పవని అవే ఒప్పుకున్నాయి కూడా. 1944లో జాన్ ఆండర్సన్, విల్లార్డ్ వాలెంటైన్ రాసిన వివరణకు ముప్పై రెండు పేజీలు పట్టింది. 1952లో వచ్చినది అరవై పేజీలు; పబ్లికేషన్ మాన్యువల్ అన్న పేరు దానితోనే స్థిరపడింది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఏడో కూర్పు, 2019 చివర్లో వచ్చింది, నాలుగు వందల పేజీలు దాటింది.

ఆ పేజీల్లోని నియమాలను ఒక్కొక్కటే విప్పి చూస్తే ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలుస్తుంది. డబుల్ స్పేస్ చదివేవాడి కంటికోసమే అనుకుంటాం. వరుసల మధ్య ఆ ఖాళీ సంపాదకుడి కలానికి, అతని గుర్తులు చూస్తూ అక్షరాలు కూర్చేవాడికి వదిలిన చోటు. టైప్‌రైటర్‌కు వాలు అక్షరాలు లేవు, అందుకే కింద గీత గీసి ‘ఇక్కడ వాలుగా కూర్చు’ అని చెప్పేవారు. పట్టికలు కూర్చడం మామూలు వచనం కూర్చడంలాంటిది కాదు, అందుకని వాటిని విడి కాగితాల మీద, వ్యాసం చివర పెట్టమన్నారు. అన్నిటికన్నా ముచ్చటైనది రిఫరెన్సుల సంగతి. 1994 నాటి నాలుగో కూర్పు వాటిని మామూలు పేరాల్లా మొదటి వరుసే లోపలికి జరిపి టైపు చేయమంది. అచ్చులో మిగతా వరుసలను లోపలికి జరిపే పని అచ్చాఫీసుది. తరవాతి కూర్పుకల్లా ఆ పని రచయిత నెత్తిన పడింది. రచయిత ఒళ్లో కంప్యూటరు వచ్చి వాలాక కంపోజిటర్ పని కూడా దాని వెంటే వచ్చేసిందన్నమాట.

ఈ నియమాల పుట్టుక అచ్చాఫీసులోనే ఉందన్న మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. చార్లెస్ బేజర్మన్ అనే పండితుడు 1987లో, ఈ మాన్యువల్ ఉత్త అచ్చు పనిముట్టు కాదని, బయటికి కనిపించే ప్రవర్తననే లెక్కలోకి తీసుకునే ప్రవర్తనావాద దృష్టినే రచనా నియమంగా మార్చిందని వాదించాడు. పేరు, సంవత్సరం బ్రాకెట్లో పెట్టి సాగిపోయే పద్ధతిలో పది అధ్యయనాలను ఒక్క మాటకు మద్దతుగా పేర్చడం తేలిక, ఒక్క పుస్తకంతో తీరిగ్గా తలపడడం కష్టం అన్నది అతని పట్టు. ఫలితం గురించి ఆయన చెప్పింది నిజమే. కానీ పుట్టుక వేరు. పేరు-సంవత్సరం పద్ధతికి తొలి ఆనవాలుగా చూపేది 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ రాసిన వ్యాసాన్ని. అందులో విషయం గుల్లలేని నత్త గుడ్డు ఎదుగుదల. ప్రవర్తనావాదం అప్పటికింకా పుట్టనేలేదు. ఎక్కడో పుట్టిన వెసులుబాటు తనకు అచ్చొచ్చిన శాస్త్రంలో వేళ్లూనుకుంది, ఆపైన ఆ శాస్త్రపు ఆలోచననూ కొంత వంచింది.

సీసం పోయింది, టైప్‌రైటర్ పోయింది, మరి నియమాలెందుకు పోవు అన్నది ఇంకో ప్రశ్న. కొన్ని పోతూనే ఉన్నాయి. ఏడో కూర్పు ప్రచురణకర్త ఊరి పేరు తీసేసింది, ఫాంటు ఎంపిక సడలించింది, పట్టికలను వ్యాసం మధ్యలోనే పెట్టుకోనిచ్చింది, విద్యార్థుల వ్యాసాలకు పేజీ నెత్తిన పొట్టి శీర్షిక అక్కర్లేదంది. నిలిచినవాటిలో కొన్నింటికి కొత్త పని దొరికింది: రచయిత పేరున్న పేజీ విడిగా ఉంటే దాన్ని తీసేసి, ఎవరు రాశారో తెలియకుండా సమీక్షకుడికి పంపవచ్చు.

అన్ని నియమాలూ ఇలా కాలంతో సర్దుకోలేదు. రిఫరెన్సుల్లో పేరు చివర ఉండేదే ఇంటిపేరన్న ఊహ ఒకటుంది. తెలుగువాళ్ల ఇంటిపేరేమో ముందుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రాన్ని నిలబెట్టిన కోనేరు రామకృష్ణారావు రచనలు ఈ పద్ధతిలో ‘రావు, కె. ఆర్.’ కింద చేరతాయి. ఇంటిపేరు కోనేరు ఒక్క ‘కె’గా మిగులుతుంది, గౌరవంగా తగిలించిన ‘రావు’ వంశనామమవుతుంది. అక్షర క్రమంలో ఆయనను, ఆ ఇంటిపేరుతో సంబంధం లేని బోలెడంతమంది రావుల మధ్య వెతుక్కోవాలి.