చేప ఎవరిది, దారి ఎవరిది: కొలంబియా నది తగువులు

మహద్ చెరువు కేసు గురించి ఈ పత్రిక పాఠకులకు మేము కొత్తగా చెప్పేదేం లేదు. 1927లో అంబేడ్కర్ నాయకత్వంలో అంటరానివాళ్లు చౌదార్ చెరువు నీళ్లు తాగారు. సవర్ణులు కోర్టుకెక్కారు. చెరువు మా సొంత ఆస్తి అన్నారు. అది కాకపోతే మిమ్మల్ని రానివ్వకపోవడం అనాదిగా మా ఆచారం అన్నారు. అది అనాది ఆచారమని రుజువు కాలేదని 1937లో బొంబాయి హైకోర్టు తేల్చింది. ఆ కేసు చదివినప్పుడల్లా మాకు అమెరికా వాయవ్య మూలన పారే కొలంబియా నది గుర్తొస్తుంది. అక్కడ వాదం తలకిందులు. ఇక్కడ ఆచారం పేరు చెప్పి మనల్ని నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. అక్కడ వేల ఏళ్ల ఆచారం ఉన్నవాళ్లనే పట్టా కాగితం చూపించి గెంటారు.

సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదే చేప. మన గోదావరి పులస కూడా అంతే కదా. కొలంబియా మీద సెలిలో అనే జలపాతం ఉండేది. నది అక్కడ రాళ్ల మధ్య ఇరుకై దూకేది, చేపలు ఆ దూకుడుకి ఎదురెక్కేవి. ఆదివాసులు రాళ్ల అంచున చెక్క మంచెలు కట్టుకుని, పొడుగు కర్రలకు బిగించిన వలలతో వాటిని పట్టేవాళ్లు. ఏ రాయి ఏ కుటుంబానిదో తరతరాలుగా లెక్క ఉండేది. దూరదూరాల తెగలు ఎండుచేప కోసం అక్కడికి వచ్చేవి. అది చేపల రేవే కాదు, సంత కూడా. మన పాఠ్యపుస్తకాలు 'రెడ్ ఇండియన్లు' అని ఒక్క ముక్కలో తేల్చేసినవాళ్లలో యాకమా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ అని ఈ నది మీద బతికిన తెగలున్నాయి.

1855లో వాషింగ్టన్ ప్రాంతపు గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ ఒప్పందాల మీద ఒప్పందాలు రాయించాడు. యాకమాలు ఒక్కరే కోటి ఎకరాలకు పైగా వదులుకున్నారు. భూమి పోయినా ఒక మాట మాత్రం కాగితం మీద నిలిచింది: తమకు అలవాటైన చోట్లన్నిటా, ఆ ప్రాంతపు పౌరులతో పాటుగా, చేపలు పట్టుకునే హక్కు తెగలకు ఉంటుంది. తర్వాత నూరేళ్ల తగువులన్నీ ఈ 'పాటుగా' అనే మాట చుట్టూ తిరిగినవే.

మొదటి పెద్ద తగువు వైనన్స్ సోదరులది. సెలిలో దగ్గర ఒడ్డున భూమి వాళ్ల చేతికొచ్చింది. ప్రవాహానికి తనంతట తాను తిరుగుతూ చేపల్ని తోడిపోసే చక్రాలు బిగించారు. కంచె వేశారు. యాకమాలు పాతకాలం నుంచి నడిచే దారి మూసుకుపోయింది. కోర్టులో వాళ్ల వాదనలేమిటి? మాకు పట్టా ఉంది, చక్రానికి రాష్ట్రం లైసెన్సు ఇచ్చింది, ఇండియన్లకు మిగతా జనానికి ఉన్నపాటి హక్కే తప్ప ఎక్కువేం లేదు. పైగా చక్రం నాగరికుడి పద్ధతి, కొడవలి పోయి కోత యంత్రం వచ్చినట్టే ఇదీ అనే మాట కూడా వచ్చింది. నాగరికత అనే మాట ఎవరి కడుపు కొట్టేముందు వాడతారో మనకు బాగానే తెలుసు!

కింది కోర్టు వాళ్ల పక్కనే నిలబడింది. 1905లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. జస్టిస్ మెకెన్నా రాసిన తీర్పులోని అసలు ముక్క ఇది: ఒప్పందం ఇండియన్లకు ప్రభుత్వం పెట్టిన భిక్ష కాదు. వాళ్లే తమకున్న దాంట్లోంచి కొంత ఇచ్చి, ఇవ్వనిది తమ దగ్గర ఉంచుకున్నారు. కాబట్టి ఆ భూమి ఎవరి చేతికి పోయినా హక్కు దాని మీద భారంగా వెంట వస్తుంది. నడిచిపోవచ్చు, తాత్కాలికంగా గుడిసె వేసుకోవచ్చు. తెల్లవాడు ఈటెకో చిన్న వలకో పరిమితం కానక్కర్లేదు గానీ, చోటునంతా తానే ఆక్రమించే యంత్రం మాత్రం పెట్టకూడదు. రిజర్వేషన్లను 'ఇచ్చినవి' అని రోజూ అనేవాళ్లు ఈ తీర్పు ఒకసారి చదివితే బాగుండును.

ఆ తర్వాత 1919లో సెయుఫర్ట్ కేసు వచ్చింది. నదికి ఆవలి ఒడ్డున కూడా యాకమాల హక్కు చెల్లుతుందని తేలింది. 1942లో టులీ కేసులో, చేపలు పట్టడానికి లైసెన్సు ఫీజు కట్టమని రాష్ట్రం వాళ్లను అడగడం చెల్లదన్నారు. కాగితం మీద గెలుపులే.

కానీ నది మీద ఇంకో హక్కుదారు ఉన్నాడు, ఓడ. జలపాతం ఓడలకు అడ్డం. 1915లో దాన్ని తప్పించి సుమారు 14 కిలోమీటర్ల లాకుల కాలువ తెరిచారు. అప్పటికే సరుకంతా రైళ్లకు పోయింది, కాలువ పెద్దగా పనికిరాలేదు. చేప హక్కును తీర్పులతో తీసేయలేకపోయిన దాన్ని కాంక్రీటుతో తీసేశారు. 1938లో బోన్‌విల్ ఆనకట్ట పూర్తయి కొన్ని రేవుల్ని ముంచింది. బదులుగా 400 ఎకరాలు ఇస్తామన్నారు. దశాబ్దాలు గడిచినా అందింది అందులో పదోవంతు. 1957 మార్చి 10న డాల్స్ ఆనకట్ట గేట్లు మూశారు. కొన్ని గంటల్లోనే సెలిలో మునిగింది, మంచెలతో, కాలువతో సహా. విద్యుత్తుకీ నౌకాయానానికీ అన్నారు. నాలుగు తెగలకూ కలిపి సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు చెల్లించారు. ఆ డబ్బు మునిగిన చోట్లకే, ఒప్పందపు హక్కుకు కాదు. ఈ తేడా తర్వాత పనికొచ్చింది. వేరే ఉపనది మీద తలపెట్టిన ఆనకట్ట వల్ల రేవులు మునుగుతాయని ఉమటిల్లాలు కోర్టుకెళ్తే, కాంగ్రెస్ స్పష్టంగా అనుమతించకుండా అలా ముంచడానికి లేదని 1977లో తీర్పొచ్చింది.

మన కథా ఇందుకు దూరమేం కాదు. 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాసేవాళ్లు వరినీ, పడవల కాలువల్నీ తెగ పొగుడుతారు. పులసకూ దాన్ని పట్టే పల్లెకారులకూ ఆ అడ్డుకట్ట ఏం చేసిందో చెప్పే పేజీ కోసం వెతుక్కోవాలి.

చేపలు తగ్గాక వాటా తగువు మొదలైంది. యాకమా జాలరి డేవిడ్ సొహాపీ, మరికొందరు వేసిన దావాలో 1969లో జడ్జి బెలోనీ, తెగలకు న్యాయమైన వాటా దక్కాలన్నాడు. 1974లో జడ్జి బోల్ట్ వాషింగ్టన్ తీరపు తెగల కేసులో 'పాటుగా' అంటే సగం అని అర్థం చెప్పాడు. తెల్ల జాలర్లు ఆ తీర్పును ధిక్కరించారు, రాష్ట్రం అమలు చేయనంది. చివరికి ఫెడరల్ కోర్టే చేపల లెక్క చూడాల్సి వచ్చింది. 1979లో సుప్రీంకోర్టు చాలావరకు బోల్ట్ పక్షమే నిలిచింది.

గెలిచిన సొహాపీ సంగతేమిటి? బోన్‌విల్ జలాశయంలో సుమారు 40 వేల చేపలు కనబడటం లేదని చెప్పి, దొంగ కొనుగోలుదారుల్ని పంపి, 1982లో అతన్నీ మరికొందర్నీ పట్టుకున్నారు. 1983లో అయిదేళ్ల శిక్ష పడింది. 1988లో విడుదలయ్యాడు, 1991లో చనిపోయాడు. 1988లోనే బోన్‌విల్ బదులు రేవుల కోసం కాంగ్రెస్ ఇంకో చట్టం చేసింది, మొదటి ఆనకట్ట పూర్తయిన యాభయ్యేళ్లకు.