స్టిక్కు వేలెడు, చుక్కాని బెత్తెడు

ఫుటాబా ట్రాన్స్‌మిటర్‌లో ‘ఎక్స్‌పో’ అనే గడిలో మైనస్ 30 పెడితే రేడియో విమానం సాధువైన ఆవులా చెప్పినట్టు వింటుంది. అదే అంకె, అదే మైనస్ గుర్తు జేఆర్‌లోనో స్పెక్ట్రమ్‌లోనో పెడితే ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. స్టిక్కు మధ్యలో ఉన్నప్పుడు విమానం దుడుకు తగ్గించాలంటే ఫుటాబా వాళ్లకి మైనస్ కావాలి, జేఆర్ వాళ్లకి ప్లస్ కావాలి. రెండూ జపాన్‌లో పుట్టిన పేర్లే. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినవాళ్లు చేతి అలవాటు కొద్దీ పాత గుర్తే పెట్టేసి, మొదటి టేకాఫ్‌లోనే బాల్సా చెక్క ముక్కలు ఏరుకోవడం ఈ హాబీలో పాత కథ. ఒకరు స్పందన ఎంత తగ్గిందో లెక్కపెట్టారు, ఇంకొకరు మందు ఎంత వేశామో లెక్కపెట్టారు అని నా ఊహ. ఎవరి లెక్క వాళ్లకి సబబే. నాకు మాత్రం ఈ తగువు తెలిసినప్పటి నుంచి, అసలు ఈ లెక్కలన్నీ స్క్రీన్ మీదికి ఎప్పుడు ఎక్కాయా అన్న ఆరా పట్టుకుంది.

లెక్క దేనికంటే, వేలెడు స్టిక్కుని చివరిదాకా తోస్తే తోక మీది చుక్కాని, అంటే రడ్డర్, ఎంత తిరగాలి? ముక్కుని ఎత్తీ దించే ఎలివేటర్ ఎంత కదలాలి? ఒకటి లేస్తే ఒకటి వంగే రెక్కల మీది ఎయిలరాన్లు ఎంత? ఈ మోతాదునే ‘త్రో’ అంటారు. కిట్‌తో వచ్చే కాగితంలో ఎలివేటర్ పైకి 12 మిల్లీమీటర్లు, కిందికి 12 అన్న ధోరణిలో రాసి ఉంటుంది. స్కేలు తెచ్చి ఎలివేటర్ వెనక అంచు పక్కన నిలబెట్టి, స్టిక్కు పూర్తిగా లాగి, అంచు ఏ గీత దాకా వచ్చిందో చూస్తారు. మోతాదు తక్కువైతే విమానం చెప్పిన మాట వినదు. ఎక్కువైతే చెప్పకముందే వింటుంది.

1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా వైర్‌లెస్‌తో చిన్న పడవ నడిపి చూపించినప్పుడు ‘ఎంత’ అన్న ప్రశ్నే లేదు. ఒక్కో సంకేతానికి లోపలి యంత్రం ఒక్కో మెట్టు జరిగేది: చుక్కాని ఇటు, ఆగు, అటు, ఆగు. 1935లో బ్రిటన్ సైన్యం ఫిరంగుల గురి సాధన కోసం పైలట్ లేకుండా ఎగరేసిన ‘క్వీన్ బీ’కి కింది నుంచి హుకుములు వెళ్లింది టెలిఫోన్ డయల్‌లాంటి చక్రంతో. మధ్యలో ముప్పై ఏడేళ్లు ఇలా దాటేయడం న్యాయం కాదని తెలుసు. కానీ నా మనసంతా రబ్బరు బ్యాండ్ల కాలం మీదే ఉంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊరు. వాల్టర్ గుడ్, విలియమ్ గుడ్ అని కవల అన్నదమ్ములు. విలియమ్‌కి హామ్ రేడియో పిచ్చి, వాల్టర్‌కి మోడల్ విమానాల పిచ్చి. ఇద్దరి పిచ్చీ కలిసి 1937లో ‘గఫ్’ అయింది. ఎనిమిదడుగుల రెక్కలు, ముక్కులో పెట్రోల్ ఇంజిన్. చుక్కానినీ ఎలివేటర్‌నీ కదిలించింది మాత్రం మెలిపెట్టిన రబ్బరు. దాంతోనే జాతీయ పోటీలు గెలిచారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక వాల్టర్, లక్ష్యం దగ్గరికి రాగానే గుండుని పేల్చే ప్రాక్సిమిటీ ఫ్యూజ్ పరిశోధనలోకి వెళ్లాడు. గఫ్ చివరికి స్మిత్సోనియన్ మ్యూజియం చేరింది.

ఆ రబ్బరు యంత్రం పేరు ఎస్కేప్‌మెంట్. విమానం కడుపులో ముక్కు నుంచి తోక దాకా రబ్బరు పోగు సాగదీసి, ఎగరేసే ముందు చేత్తో బాగా మెలితిప్పుతారు. అది విడివడి తిరిగిపోవాలని తహతహలాడుతూ ఉంటే చిన్న విద్యుదయస్కాంతం ఒక కొక్కెంతో దాన్ని పట్టుకుని ఉంటుంది. కింద బటన్ నొక్కితే కొక్కెం వదులుతుంది, రబ్బరు పావు చుట్టు తిరుగుతుంది, చుక్కాని పూర్తిగా కుడికి పోతుంది. బటన్ వదిలితే మధ్యకి వస్తుంది. మళ్లీ నొక్కితే ఈసారి ఎడమకి. కొంచెం కుడి అన్న మాటే లేదు. ఇందాక తిప్పింది ఎటో గుర్తుపెట్టుకోవలసింది పైలట్టే. మరిచిపోతే ఇంకో నొక్కు నొక్కి, విమానం ఎటు వాలితే అటు. గాలిలో ఉండగా మెలికలన్నీ అయిపోతే అంతే సంగతులు, దాని దారి దానిది.

త్రో ఎక్కడ పెట్టేవాళ్లంటే, తోక దగ్గర, తీగలో. ఎస్కేప్‌మెంట్ నుంచి వచ్చే సన్నటి కడ్డీ కొసని మడతపెట్టి, చుక్కానికి బిగించిన తీగ ఉచ్చులో దూర్చేవాళ్లు. ఆ మడత ఉచ్చులో ఇరుసుకి దగ్గరగా ఆడితే చుక్కాని ఎక్కువ తిరుగుతుంది, దూరంగా ఆడితే తక్కువ. దగ్గర, దూరం అంటే మిల్లీమీటరో రెండో. చేతిలో కటింగ్ ప్లయర్, కళ్లలో అంచనా. ఒక ఫ్లయిటు ఎగరేయడం, తీగ కాస్త వంచడం, మళ్లీ ఎగరేయడం.

ఇలాంటి మొండి బండితో ఏం సాధిస్తారనిపిస్తుంది. లూప్ కొట్టేవాళ్లు! ఎలివేటర్ లేకుండా, ఒక్క చుక్కానితో. బటన్ నొక్కి పట్టుకుంటే విమానం వాలిపోయి, చక్కర్లు కొడుతూ కిందికి దూకుతుంది, వేగం పుంజుకుంటుంది. సరిగ్గా అదను చూసి వదిలేస్తే ఆ వేగానికి రెక్కలు దాన్ని పైకి ఎగదోస్తాయి, ముక్కు లేచి లేచి వెనక్కి తిరగబడుతుంది. శిఖరాన మళ్లీ నొక్కితే దొర్లుతుంది. త్రో మరీ తక్కువ పెట్టుకున్నవాడికి ఆ దూకుడు రాదు. మరీ ఎక్కువ పెట్టుకున్నవాడు దూకుడులోంచి బయటికి రాలేడు. ఒక్క తీగ వంపులో ఇంత రాజకీయం.

అదే కాలంలో హాలీవుడ్‌లో రెజినాల్డ్ డెన్నీ అనే బ్రిటిష్ నటుడు మోడల్ విమానాల కొట్టు పెట్టాడు. ఆ సరదా ముదిరి రేడియోప్లేన్ కంపెనీ అయింది, అమెరికా సైన్యానికి గురి సాధన కోసం రేడియో విమానాలు వేలాదిగా అమ్మింది. ఆ ఫ్యాక్టరీకి 1945లో డేవిడ్ కొనోవర్ అనే సైనిక ఫొటోగ్రాఫర్ వెళ్లి, పనిచేస్తున్న ఒక పడుచుపిల్లని కెమెరాలో పట్టాడు. పేరు నోర్మా జీన్. ఆ తర్వాత లోకమంతా ఆమెని మార్లిన్ మన్రో అంది. త్రోకీ దీనికీ సంబంధం లేదు, కానీ ఈ ముచ్చట చెప్పకుండా ముందుకెళ్లడం నావల్ల కాలేదు.

రబ్బరు తర్వాత రీడ్లు వచ్చాయి. రిసీవర్‌లో దువ్వెన పళ్లలా వరసగా సన్నటి ఉక్కు రేకులు, ఒక్కో రేకుదీ ఒక్కో శ్రుతి. ట్రాన్స్‌మిటర్ ఏ స్వరం పంపితే ఆ రేకు ఒక్కటే అదిరి, చుక్కాని లాంటివాటిని కదిపే సర్వో మోటారుకి కరెంటు కలుపుతుంది. ఎలివేటర్ పైకి ఒక రేకు, కిందికి ఒకటి. 1960లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో మొదటి ప్రపంచ పోటీ గెలిచిన ఎడ్ కజ్మిర్‌స్కీ ఎగరేసింది ఈ పద్ధతిలోనే. మీట నొక్కినంతసేపు ఎలివేటర్ చివరిదాకా పోతుంది, వదిలితే మధ్యకి వస్తుంది. మరి సగం కావాలంటే? చివరికి చేరకముందే వదిలి, మధ్యకి రాకముందే మళ్లీ నొక్కి, టకటకమని వేలితో కొడుతూ ఉండాలి. ఇవాళ మనం అంకెల్లో రాసుకునే 40 శాతం త్రో అప్పట్లో మనిషి వేలి కొసన ఉండేది. మృదంగం వాయించే చేతికి ఎంత సాధన కావాలో దీనికీ అంతే కావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ విద్య ఇప్పుడు పోయింది. నేర్పేవాడూ లేడు, నేర్చుకునే అవసరమూ లేదు.

దీనికి సమాంతరంగా ‘గాలపింగ్ ఘోస్ట్’ అని ఇంకో వింత నడిచింది. ఇందులో చుక్కాని ఒక్క క్షణం ఊరుకోదు, అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. రెండు వైపులా సమానంగా కొట్టుకుంటే విమానం తిన్నగా పోతుంది, కుడివైపు కాస్త ఎక్కువసేపు ఉంటే కుడికి తిరుగుతుంది. కొట్టుకునే వేగం మారితే ఎలివేటర్ మారుతుంది. విమానం గాలిలో తోక ఆడిస్తూ, కొద్దిగా గెంతుతూ పోయేది.

అరవైల మొదట్లో డగ్ స్ప్రెంగ్, డాన్ మేథర్స్ అనే ఇద్దరు అమెరికన్లు డిజిటల్ ప్రపోర్షనల్ పద్ధతి తెచ్చారు. స్టిక్కు ఎంత తోస్తే చుక్కాని అంతే. సంకేతం పొడవే కొలత: సుమారు 1 మిల్లీసెకను అయితే ఒక చివర, 2 అయితే రెండో చివర, 1.5 నడుమ. 1967లో ఫిల్ క్రాఫ్ట్ కోర్సికాలో ప్రపంచ పోటీ గెలిచేసరికి రీడ్ల పని అయిపోయింది. ఆ ఒకటిన్నర మిల్లీసెకను మాత్రం చెక్కు చెదరలేదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కోసం కొనుక్కెళ్లే నీలం రంగు బుల్లి సర్వో ఇవాళ్టికీ ఆ భాషే వింటుంది.

ఆ బుల్లి సర్వోనే అరచేతిలో పెట్టుకుని చూడండి. తెల్లటి ప్లాస్టిక్ చేయి, దానికి వరసగా సూది బెజ్జాలు. రెండో కొసన, ఎలివేటర్‌కి బిగించిన ‘హార్న్’ అనే చిన్న కొమ్ముకీ బెజ్జాలే. మధ్యలో తీగ. సర్వో చేతికి బయటి బెజ్జంలో తీగ పెడితే త్రో ఎక్కువ, లోపలి బెజ్జంలో తక్కువ. హార్న్ దగ్గర సరిగ్గా తలకిందులు. ప్రపోర్షనల్ వచ్చిన కొత్తలో త్రో పెట్టడం అంటే ఈ బెజ్జాలు మార్చడమే, వేరే దారి లేదు. తర్వాత ‘డ్యూయల్ రేట్’ స్విచ్ వచ్చింది: ఒకవైపు పూర్తి త్రో, ఇంకోవైపు తగ్గించినది. ఆపైన ఎక్స్‌పో: చివరల్లో త్రో అలాగే ఉంటుంది, మధ్యలో మాత్రం స్పందన మెత్తబడుతుంది. ఎనభైలలో ట్రాన్స్‌మిటర్‌లోకి కంప్యూటర్ దూరాక అన్నీ శాతాలైపోయాయి.

నా ఫిర్యాదు ఇక్కడే. ఎలివేటర్ మరీ ఎక్కువ కదులుతోందా? బెజ్జం మార్చేవాడు లేడు, స్క్రీన్ మీద 100ని 40 చేసేవాడే. సర్వో చేయి అటు 30 డిగ్రీలు, ఇటు 30 తిరగగలిగితే, ఇప్పుడు తిరిగేది 12, 12. పళ్లచక్రాల్లో ఉండే వదులు మాత్రం తగ్గదు. కాబట్టి కదలికలో దాని వాటా రెండింతలు దాటుతుంది. ఎలివేటర్ మధ్యకి వచ్చినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది, వేగం పెరిగితే వణకడం మొదలుపెడుతుంది. అదే తీగని లోపలి బెజ్జంలోకి మారిస్తే సర్వో పూర్తిగా తిరుగుతుంది, దాని బలమంతా ఎలివేటర్‌కి అందుతుంది. రెండు నిమిషాల పని. అంకెలు వచ్చాక చేతికి తెలిసిన సంగతి ఒకటి పోయిందని నేననేది ఇందుకే.

మోతాదు తప్పడం ఆటబొమ్మలకే పరిమితం అనుకోకండి. 1974 జనవరి 20న కాలిఫోర్నియా ఎడ్వర్డ్స్ స్థావరంలో వైఎఫ్-16 యుద్ధ విమానాన్ని రన్‌వే మీద వేగంగా పరుగెత్తించి చూద్దామనుకున్నారు, అంతే. దాని స్టిక్కు కదలనే కదలదు, చేతి ఒత్తిడిని బట్టి ఆదేశం పోతుంది. పక్కకి దొర్లించే మోతాదు అందులో మరీ ఎక్కువగా పెట్టి ఉంది. పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్ కొద్దిగా నొక్కితే విమానం అటు పొర్లింది, సరిచేస్తే ఇటు పొర్లింది, తోక రెక్క నేలకి రాసుకుంది. నేల మీద ఉంచితే ముక్కలవుతుందని ఆయన థ్రాటిల్ తోసి ఎగిరిపోయాడు, ఆరు నిమిషాల తర్వాత క్షేమంగా దించాడు. మోతాదు తగ్గించాక ఫిబ్రవరి 2న లాంఛనంగా ‘మొదటిసారి’ ఎగిరింది. తర్వాత ఎఫ్-16 స్టిక్కుకి కూడా కాస్త కదలిక ఇచ్చారు, చేతికి ఎంత నొక్కుతున్నామో తెలియాలి కదా.

మైదానాల్లో ఇంకా తెగని వాదం ఒకటుంది. కొత్త విమానం మొదటిసారి ఎగరేసేటప్పుడు డ్యూయల్ రేట్ స్విచ్ ఎటు ఉండాలి? జాగ్రత్తపరులు తక్కువ త్రో అంటారు. కానీ విమానం నిదానంగా ఉన్నప్పుడు చుక్కాని మీదుగా పోయే గాలి తక్కువ, పట్టూ తక్కువే. టేకాఫ్‌లో గాలి విసురుగా కొడితే ఆ చిన్న త్రో సరిపోదు. నన్నడిగితే పెద్ద త్రో, దానికి తగినంత ఎక్స్‌పో పెట్టి లేపమంటాను. వేగం అందుకున్నాక స్విచ్ కిందికి. గుర్తు ప్లస్సో మైనస్సో మాత్రం నన్నడక్కండి, స్టిక్కు కొద్దిగా కదిపి ఎలివేటర్ వంక చూస్తే అదే చెబుతుంది.