ఒక మోడెమ్, పలు కంప్యూటర్లు: డయల్-అప్ లైనును ఇంట్లో పంచుకున్న తీరు

1990ల నడిమి నాటికి అమెరికా, యూరప్‌లలో కొన్ని ఇళ్లకు రెండో కంప్యూటరు వచ్చి చేరింది గాని, ఇంటర్నెట్‌కు దారి మాత్రం ఒకే ఫోన్ లైనుగా, ఆ లైను కొసన ఒకే మోడెమ్‌గా ఉండిపోయింది. కంప్యూటరు అంకెలను ఫోన్ తీగ మోయగల ధ్వని సంకేతాలుగా మార్చి, అవతలి నుంచి వచ్చే ధ్వనిని తిరిగి అంకెలుగా విప్పే పరికరమే మోడెమ్. 1994లో వి.34 ప్రమాణం దాని వేగాన్ని సెకనుకు 28.8 కిలోబిట్లకు చేర్చింది. 1998 నాటి వి.90 ప్రమాణం ఇంటివైపు వచ్చే దిశలో 56 కిలోబిట్ల వరకు పెంచింది. ఇంత సన్నని దారిలో ఇద్దరు ముగ్గురు నడవాలనుకోవడం వింతగా తోచవచ్చు గాని, ఒక పేజీ తెరిచినవారు దాన్ని చదువుతున్నంతసేపూ లైను దాదాపు ఖాళీగానే ఉంటుంది కనుక ఆ ఆలోచన అంత అసంబద్ధమేమీ కాదు. అసలు చిక్కు వేగంలో కాక చిరునామాలో ఉంది.

అప్పటి ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఐపీ చిరునామా అనే 32 బిట్ల సంఖ్య ఉండవలసి వచ్చేది. డయల్ చేసిన ఖాతాదారుకు సేవాసంస్థ ఆ కాల్ సాగినంతసేపు వాడుకోవడానికి ఒకే ఒక్క చిరునామా ఇచ్చేది. ఇంట్లోని రెండో కంప్యూటరు ల్యాన్ తీగతో మొదటిదానికి కలిసి ఉన్నా, బయటి ప్రపంచం దృష్టిలో దానికి ఉనికి లేదు.

మొదట దొరికిన ఉపాయం ప్రాక్సీ, అంటే మోడెమ్ ఉన్న యంత్రం మిగతావాటి తరఫున తానే పేజీని తెచ్చి వాటికి అందించడం. న్యూజిలాండ్‌కు చెందిన క్బిక్ సంస్థ 1995లో తెచ్చిన విన్‌గేట్ ఈ పనిని విండోస్ ఇళ్లకు అందుబాటులోకి తెచ్చింది. అయితే బ్రౌజరు, మెయిల్, చాట్ వంటి ఒక్కొక్క ప్రోగ్రాముకూ ప్రాక్సీ ఎక్కడుందో విడిగా చెప్పుకోవలసి వచ్చేది. ప్రాక్సీ మాట తెలియని ప్రోగ్రాము పనిచేసేదే కాదు.

నిలిచిన పరిష్కారం మరో దిక్కునుంచి వచ్చింది. ఇంటర్నెట్ ప్రమాణాలను చర్చకు పెట్టే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల వరుసలో 1631వదానిలో, 1994 మే నెలలో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్‌లు చిరునామా మార్పిడి పద్ధతిని వివరించారు. దీనికే న్యాట్ అని పేరు. ఇళ్ల లోపల, కార్యాలయాల లోపల ఎవరైనా వాడుకోదగిన 192.168తో మొదలయ్యే ప్రైవేటు చిరునామాలను అంతకు రెండు నెలల ముందే మరో పత్రం కేటాయించింది. ఆ పత్రాల కర్తల మనసులో ఉన్నది పెద్ద సంస్థలూ, తరిగిపోతున్న చిరునామాల నిల్వా తప్ప మోడెమ్ ఉన్న ఇల్లు కాదు. ఇంటికి అక్కరకు వచ్చింది న్యాట్‌లోని ఒక ప్రత్యేక రూపం: లోపలి యంత్రం పంపిన ప్యాకెట్, అంటే సమాచారపు చిన్న మూట, మోడెమ్ ఉన్న ద్వారయంత్రానికి చేరగానే అది పంపినవారి చిరునామాను చెరిపి, లైనుకు దక్కిన ఏకైక చిరునామాను రాస్తుంది, దానితోపాటు పోర్టు సంఖ్యను, అంటే ఒకే యంత్రంలోని వేర్వేరు సంభాషణలను గుర్తుపట్టించే సంఖ్యను కూడా మార్చి, ఏ సంఖ్య ఎవరిదో ఒక పట్టికలో నమోదు చేసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఆ పట్టిక చూసి అసలు యంత్రానికి అప్పగిస్తుంది. లినక్స్‌లో దీన్ని మాస్కరేడింగ్ అన్నారు. పాత 486 కంప్యూటరును ఒక్క ఫ్లాపీతో నడిపి ఇంటి ద్వారంగా నిలిపిన ఔత్సాహికులే దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. న్యాట్ ఘనతంతా ప్రమాణపత్రాలకే కట్టబెట్టడం సరికాదు. దాన్ని వాడి, విరిగినచోట అతుకులు వేసినవారు వీరే.

విరిగిన చోట్లు తక్కువేమీ కావు. ఎఫ్‌టీపీ అనే దస్త్రాల బదిలీ పద్ధతి తన చిరునామాను ప్యాకెట్ లోపలి పాఠంలోనే రాసుకునేది కనుక, పైపై చిరునామాను మార్చినంతలో ప్రయోజనం ఉండదు. ఆ పాఠాన్ని కూడా దిద్దే ప్రత్యేక మాడ్యూల్ రాయవలసి వచ్చింది. చాట్‌లో దస్త్రాలు పంపుకోవడానికీ, క్వేక్ వంటి ఆటలకూ ఇదే తంటా. ఇక ఒకరు పెద్ద దస్త్రం దింపుకుంటుంటే మరొకరి పని కుంటుపడేది: 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి 33.6 కిలోబిట్ల లైను దాటడానికి సెకనులో మూడోవంతుకు మించి పడుతుంది. అందుకే చాలామంది ప్యాకెట్ పరిమితిని 576 బైట్లకు కుదించేవారు. అవసరమైనప్పుడే దానంతట అది డయల్ చేసే డయల్డ్ వంటి ప్రోగ్రాములు సౌకర్యమే గాని, ఏ యంత్రమో అర్ధరాత్రి ఒక పేరు తాలూకు చిరునామా కోసం ఆరా తీసినా కాల్ కలిసి బిల్లు పెరిగేది.

1999తో ఈ విద్య సామాన్యుల చేతికి వచ్చింది. విండోస్ 98 రెండో ఎడిషన్‌లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్‌ను చేర్చడంతో, మోడెమ్ ఉన్న యంత్రం 192.168.0.1 చిరునామా తీసుకుని మిగతావాటికి తానే చిరునామాలు పంచసాగింది. అదే ఏడు ఆపిల్ విడుదల చేసిన ఎయిర్‌పోర్ట్ బేస్ స్టేషన్‌లో 56 కిలోబిట్ల మోడెమ్ లోపలే ఉండడం వల్ల, వైర్‌లెస్ ఇల్లు కూడా డయల్-అప్‌పైనే నడవగలిగింది.

భారతదేశంలో కథ కొంత వేరు. వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించింది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకోగా, హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధమైన సత్యం ఇన్ఫోవే ఆ రంగంలో ముందుగా అడుగుపెట్టిన వాటిలో ఒకటి. ఖాతా గంటల రుసుము ఒకవైపు, ఫోన్ కాల్ చార్జీ మరోవైపు పడే ఆ రోజుల్లో ఇంట్లో రెండో కంప్యూటరు అరుదు. కనుక తెలుగు పట్టణాల్లో ఒకే లైనును పంచుకునే ఈ పద్ధతి ఇళ్లకంటే ఎక్కువగా ఇంటర్నెట్ కేఫుల్లోనే కనిపించింది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా నిర్వచించగా, మరుసటి ఏడు బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక డయల్-అప్ వెనకబడింది.

న్యాట్ మాత్రం వెనకబడలేదు. ఎగెవాంగ్, ఫ్రాన్సిస్‌లు దాన్ని స్వల్పకాలిక పరిష్కారంగానే ప్రతిపాదించారు. 128 బిట్ల చిరునామాలు గల ఐపీవీ6 తొలి నిర్దేశం 1995లోనే వెలువడింది కూడా. అయినా దాదాపు ఇంటి రౌటర్లన్నీ ఆ మార్పిడి పట్టికతోనే నడిచాయి, ఫోన్ హాట్‌స్పాట్ కూడా అదే పని చేస్తోంది. చివరకు సేవాసంస్థలే తమ ఖాతాదారులను గుంపులుగా ఒక్కో చిరునామా వెనక ఉంచడం మొదలుపెట్టగా, అందుకోసం 2012లో 100.64.0.0 నుంచి ఒక చిరునామాల వరుసను ప్రత్యేకంగా కేటాయించవలసి వచ్చింది.