భూతం నోరు కట్టేసిందెవరు?

1931లో యూనివర్సల్ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదట్లో తారాగణం పేర్లు పడతాయి. భూతం వేషం వేసిన బోరిస్ కార్లఫ్ పేరుండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. అంతకు నూరేళ్ల పైమాటే, 1823లో, లండన్ నాటకం కరపత్రంలో అదే భూతానికి తలకిందుల మర్యాద జరిగింది. నటుడు టి.పి. కుక్ పేరుంది, పాత్ర పేరుండాల్సిన చోట ఒట్టి గీత! ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎంత సంబరమో.

ఆ నాటకం 'ప్రిజంప్షన్'. రాసింది రిచర్డ్ బ్రిన్స్లీ పీక్. ఆగస్టు 29న తండ్రి గాడ్విన్‌తో కలిసి దాన్ని చూడటానికి, మూలమైన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల రాసిన మేరీ షెల్లీయే సాక్షాత్తూ వెళ్లింది. తెల్లవారితే ఆవిడకి 26 నిండుతాయి. భర్త పోయి ఏడాది దాటింది, ఇటలీ నుంచి అప్పుడే తిరిగొచ్చింది. 1818లో పేరు లేకుండా అచ్చయిన నవల, ఇంగ్లిషులో ఆవిడ పేరుతో రెండోసారి వచ్చింది కూడా ఆ నెలలోనే. కరపత్రంలోని గీత ఆవిడకి తెగ నచ్చింది. వినబడే శబ్దాన్ని చేతులతో పట్టుకోబోయే కుక్ నటనని ఒక ఉత్తరంలో మెచ్చుకుంది.

కానీ ఆ భూతం మూగది. సంగీతంతో నడిచే మెలోడ్రామాల్లో మూగ పాత్రలు మామూలే. నవలలో దాని బలమంతా మాటలోనే ఉంది. గోడ సందులోంచి ఒక కుటుంబాన్ని చూస్తూ భాష నేర్చుకుంటుంది, మిల్టన్‌ని చదువుతుంది, తనని పుట్టించిన వాడి ఎదుట ఆరు అధ్యాయాల పాటు తన గోడు చెప్పుకుంటుంది. నాటకం ఆ గొంతు నొక్కేసింది. పైగా నవలలో లేని ఫ్రిట్జ్ అనే నౌకరును తెచ్చిపెట్టింది.

1910లో ఎడిసన్ కంపెనీ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమా ఎలాగూ మూకీయే. 1931 నాటికి టాకీలొచ్చాయి. అయినా భూతానికి దక్కినవి మూలుగులే. ఫ్రిట్జ్ మాత్రం బతికాడు. మంచి మెదడున్న జాడీ పగలగొట్టి, భూతానికి పెట్టడానికి నేరస్థుడి మెదడు పట్టుకొస్తాడు. నాకు మింగుడుపడనిది ఇదే. నవలలో తప్పు, పుట్టించి వదిలేసిన వాడిది, కంటపడగానే తరిమికొట్టిన జనానిది. సినిమా దాన్ని జాడీలోని మెదడు మీదికి నెట్టేసింది.

నవలలో భూతం ఏటిలో కొట్టుకుపోతున్న పిల్లని కాపాడి తుపాకీ దెబ్బ తింటుంది. సినిమాలో చెరువు గట్టున ఒక పాప దానితో కలిసి నీళ్లలోకి పూలు విసురుతూ ఆడుకుంటుంది. పూలైపోయాక భూతం, పాప కూడా తేలుతుందనుకుని దాన్నీ విసిరేస్తుంది, పాప మునిగిపోతుంది. గొప్ప సన్నివేశమే. ఆ బలమంతా కార్లఫ్ చేతుల్లో ఉంది. కాని నవలలో భూతం చేతులు ప్రాణం కాపాడాయి.

1935లో 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో భూతానికి పొడిపొడిగా కొన్ని మాటలిచ్చారు. అది మాట్లాడకూడదని అడ్డం చెప్పింది ఎవరో కాదు, కార్లఫే.