యజమాని లేని ఔషధము

రోగికి నాలుగు గుణము లుండవలెనని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున జెప్పెను. వైద్యుని మాట వినుట, తన బాధను తెలుపగలుగుట, ధైర్యము గలిగియుండుట యనునవి వానిలో మూడు. ఈ మూడింటికంటె ముందుగా నాతడు పేర్కొన్నది ధనవంతుడగుట. ఈ మాట విని కొందరు నొచ్చుకొందురు. మాకు మాత్రము ఇది నిష్ఠురమైన సత్యముగా దోచుచున్నది. ధనము లేనివానికిని ఆ మొదటి గుణమును కల్పించుటకై యేర్పడిన యుపాయమే ఆరోగ్యబీమా. పలువురు కొంచెము కొంచెముగా నొక సంచిలో వేసిన సొమ్ము, వ్యాధి వచ్చినవాని యక్కఱకు వచ్చును. అయితే ఏ మందునకు ఆ సంచి విప్పవలెను? ఏ మందునకు విప్పరాదు? ఈ ప్రశ్నకు అమెరికాలో కెటమీను అను మందు చరిత్ర మంచి యుదాహరణము.

1962లో పార్క్-డేవిస్ అను మందుల కంపెనీకై కాల్విన్ స్టీవెన్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని తయారుచేసెను. 1964లో ఎడ్వర్డు డామినో, గుంటర్ కోర్సెన్ అను వైద్యులు మిచిగన్ రాష్ట్రపు చెఱసాలలోని ఖైదీలపై దీనిని మొదట పరీక్షించిరి. అట్టి పరీక్షలను నేటి వైద్యనీతి హర్షింపదు. 1970లో శస్త్రచికిత్సకు మత్తుమందుగా ప్రభుత్వానుమతి లభించెను. ఊపిరిని అంతగా కుంగదీయదు గావున వియత్నాము యుద్ధరంగమున గాయపడినవారికి మిక్కిలి యుపకరించెను. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలో నున్నది; మన దేశపు ఆస్పత్రులలోను వాడుకలో నున్నది. దీని వెల స్వల్పము. పేటెంటు కాల మేనాడో గతించినది.

2000లో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు విషాదరోగముతో బాధపడు ఏడుగురికి దీనిని స్వల్పమాత్రలో నరమునందెక్కించి చూచిరి. నేడు డిప్రెషనని వాడుకలో నున్నది ఈ వ్యాధియే. సాధారణ ఔషధములు పనిచేయుటకు వారములు పట్టగా, దీనివలన కొన్ని గంటలలోనే మనస్సు తేలికపడుట కనబడెను. 2006లో అమెరికా ప్రభుత్వపు మానసిక ఆరోగ్యసంస్థవారు మఱల పరీక్షింపగా, ఇతర మందులకు లొంగని రోగులలో నూటికి 71 మందికి ఒక్కదినములోనే గుణము కనిపించెను. అయితే వారమువఱకు ఆ గుణము నిలిచినది నూటికి 35 మందికే.

ఇంత యైనను బీమా కంపెనీలు సాధారణముగా ఈ చికిత్సకు సొమ్ము చెల్లింపవు. విషాదరోగమునకు ఈ మందును ప్రభుత్వము అనుమతింపలేదనియు, ఇది ఇంకను ప్రయోగదశలో నున్నదనియు వారి సమాధానము. అనుమతి యేల రాలేదు? అనుమతికి పెద్ద పరీక్షలు కావలెను. ఆ పరీక్షలకు కోట్లకొలది ధనము కావలెను. పేటెంటు గలవాడు ఆ ధనమును మఱల రాబట్టుకొనును. ఎవరైనను చేసి అమ్మదగిన మందునకై ఎవరు వ్యయపడుదురు?

కెటమీను అణువునకు రెండు రూపములు గలవు. కుడిచేయి యెడమచేయివలె ఒకదాని కొకటి ప్రతిబింబములు. వానిలో నొకదానిని వేరుచేసి, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీవారు ముక్కులో చల్లుకొను మందుగా, స్ప్రావటో అను పేర, 2019 మార్చిలో అనుమతి పొందిరి. నాడు ఒక్కసారి వాడుకకు ప్రకటించిన వెల మోతాదునుబట్టి 590 మొదలు 885 డాలర్లు. దీనికి అనుమతి గలదు గావున, ఇతర మందులు వాడి విఫలమైనవారికి పలు బీమా కంపెనీలు చెల్లించుచున్నవి. ప్రియమైన సగమునకు సంచి విప్పబడినది. చౌకయైన సంపూర్ణ ఔషధమునకు మూతి బిగింపబడినది. నరములో కెటమీను నెక్కించుకొనువారు క్లినిక్కులకు ప్రతిసారియు కొన్నివందల డాలర్లు స్వయముగా ఇచ్చుకొనవలసినవారే.

బీమావారి జాగ్రత్త యంతయు దురాశయని మేము చెప్పము. ఈ మందు రక్తపుపోటును పెంచును, వ్యసనముగా మాఱవచ్చును, దుర్వినియోగము చేసినవారి మూత్రాశయము చెడును. ఉమ్మడి సొమ్మును కాపాడువాడు నిదర్శనమడుగుట న్యాయమే. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యవిధానమునకు సలహాలిచ్చు సంస్థ 2022లో స్ప్రావటోనే సిఫారసు చేయ నిరాకరించెను. కాని అమెరికాలో 2023లో ప్రకటితమైన యొక పరీక్ష గమనింపదగినది. సుమారు 400 మంది రోగులలో కొందఱికి కెటమీను, కొందఱికి విద్యుత్తు చికిత్స ఇచ్చి చూడగా, మొదటివారిలో నూటికి 55 మందికి, రెండవవారిలో 41 మందికి గుణము కలిగెను. విద్యుత్తు చికిత్సకు బీమా చెల్లించుట పరిపాటి. కావున అడ్డము నిదర్శనలోపమొక్కటే కాదు. నిదర్శనమును పట్టుకొని ప్రభుత్వ ద్వారమున నిలువబడు యజమాని లేకపోవుట కూడ.

భ్రాంతిజనకములగు ఔషధముల గతి యింకను కష్టము. బేసెల్ నగరమున ఆల్బర్టు హాఫ్‌మన్ 1938లో తయారుచేసిన ఎల్.ఎస్.డి.ని 1950 తరువాతి దశాబ్దమున పలువురు వైద్యులు మానసిక వ్యాధులలో పరీక్షించిరి. 1970లో అమెరికా శాసనము దానిని, పుట్టగొడుగులనుండి లభించు సైలోసిబినును వైద్యోపయోగము లేనివాని పట్టికలో జేర్చెను. ఆస్ట్రేలియా 2023 జూలై 1 నుండి అనుమతి పొందిన మానసిక వైద్యులు మొండి విషాదరోగమునకు సైలోసిబిను నీయవచ్చునని అంగీకరించినది. ఈ చికిత్సలో రోగిచెంత శిక్షితులు గంటలతరబడి కూర్చుండవలెను. కావున వ్యయము మందునకంటె మనుష్యుల శ్రమకే యెక్కువ.

మనోవ్యాధిని దేహవ్యాధితో సమముగా జూడవలెనని అమెరికాలో 2008లో, మన దేశమున 2017లో చట్టములు బీమావారిని శాసించినవి. ఈ చట్టములు గొప్పవి. ఐనను ఇవి వ్యాధులకు సమత్వము నిచ్చినవే గాని, ఔషధములకు నిదర్శనము సంపాదించి పెట్టలేదు. మా యభిప్రాయమున, యజమాని లేని ఔషధమునకు ప్రజలే యజమానులు. దాని పరీక్షకు వలయు ధనమును ప్రభుత్వములును బీమా సంఘములును కూడి యీయవలెను. పరీక్షలో నిలిచినయెడల సంచి విప్పవలెను. నిలువనియెడల ఆ సంగతి అందఱికిని స్పష్టముగా జెప్పవలెను. పరీక్షింపకయే నిదర్శనము లేదనుట న్యాయము గాదు. విషాదమున మునిగినవానికి ఋజువులు సేకరించు శక్తి యుండదు. ఆ భారమును వానిపై మోపు సమాజము వాగ్భటుని నాటినుండి యొక్క యడుగైన ముందునకు వేసినదని చెప్పుకొనజాలదు.