గల్లాపెట్టె మార్చిన తెల్ల బంతి

అమెరికా బార్లలో నాణెం వేసి ఆడే పూల్ టేబుళ్లు 1950ల తర్వాత జోరుగా వ్యాపించాయి. పాకెట్లలో పడ్డ రంగు బంతులు మళ్లీ డబ్బు పడేదాకా లోపలే ఉండాలి. కర్రతో కొట్టే తెల్ల బంతి పొరపాటున పడితే మాత్రం వెంటనే బయటికి రావాలి. దీనికి దొరికిన సులువైన ఉపాయం తెల్ల బంతిని పెద్దది చేయడం. రంగు బంతి 57 మిల్లీమీటర్లైతే ఇది 60. లోపలి గాడి సైజు చూసి దాన్ని పక్కకు మళ్లించేది. ఆ 3 మిల్లీమీటర్లతో బరువు దాదాపు 17 శాతం పెరిగింది. పెద్ద బంతి చిన్నదాన్ని నడుముకు కాస్త పైన తాకుతుంది. గుద్దాక వెనక్కి లాగుదామంటే మొండికేస్తుంది. గల్లాపెట్టె సౌకర్యం కోసం ఆటనే వంచారన్నమాట.

ఇద్దరూ అదే బంతితో ఆడుతున్నప్పుడు అన్యాయమేముందని అడగవచ్చు. అన్యాయం లేదు, నిజమే; కానీ బంతిని వెనక్కి రప్పించడం సాధన చేసినవాడి పనితనానికి విలువ తగ్గింది. అయస్కాంతం ఆ చిక్కు తీర్చింది. బంతి లోపల ఇనుము, గాడి పక్కన అయస్కాంతం, సైజు మార్చక్కర్లేదు. ఇనుముంటే బంతి వంకరగా దొర్లుతుందన్న ఫిర్యాదు నాసిరకం వాటి విషయంలో సబబే. ఇనుము సమంగా పరుచుకుని, బరువు మిగతా బంతులకు దగ్గరగా ఉంటే ఆ బెడద ఉండదు. కొనేముందు మాత్రం టేబుల్ ఏ పద్ధతిదో చూసుకోండి. సైజుతో వేరుచేసే టేబుల్‌లో అయస్కాంతపు బంతి పడితే, రంగు బంతులతోపాటే లోపల చిక్కుకుంటుంది.