గోడలో దాగిన గృహచరిత్ర: కోల్మార్, ఎర్ఫర్ట్ నిధుల సాక్ష్యం

పాత ఇంటికి మరమ్మతులు చేసేటప్పుడు గోడలోనో నేలమాళిగలోనో బయటపడే నిధికి రెండు ముఖాలుంటాయి. ఒకవైపు అది విలువైన వస్తుసముదాయం. మరోవైపు ఒక కుటుంబం పరులకు తెలియకుండా తీసుకున్న నిర్ణయానికి మిగిలిన ఆధారం. తెలుగునాట లంకెబిందెల కథలు మొదటి ముఖం చుట్టూనే తిరుగుతాయి. ఎవరికి దొరికింది, ఎంత దొరికింది అన్న కుతూహలమే వాటికి ప్రాణం. దాచినవారు తిరిగి ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న అక్కడ అంతగా వినిపించదు. చరిత్ర రచనకు మాత్రం ఆ ప్రశ్నే మూలం. దానికి లభించే సమాధానం నిధిలోని వస్తువుల మీద కంటే, ఆ నిధి బయటపడిన తీరు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఐరోపాలో 14వ శతాబ్దం నాటి రెండు నిధులను పక్కపక్కన నిలిపి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

1. కోల్మార్, 1863

ఫ్రాన్స్ తూర్పు సరిహద్దున ఉన్న అల్సాస్ ప్రాంతంలో కోల్మార్ ఒక చిన్న పట్టణం. 1863లో అక్కడి యూదుల వీధిలో మిఠాయి దుకాణంగా ఉన్న ఒక ఇంటిని బాగుచేస్తుండగా గోడలో దాచిన ఆభరణాలు, 300కు పైగా నాణేలు పనివారి కంటపడ్డాయి. నీలం, కెంపు వంటి రత్నాలు పొదిగిన ఉంగరాలు, దుస్తులకు తగిలించుకునే అలంకార పిన్నులు, నడికట్టు భాగాలు, ఒక చిన్న వెండి తాళంచెవి వాటిలో ఉన్నాయి. ఇవన్నీ మధ్యయుగపు సంపన్న గృహం దేనిలోనైనా ఉండదగినవే. వీటిని బట్టి ఆ ఇంటివారి మతాన్ని గాని, వారికి పట్టిన గతిని గాని నిర్ధారించడం కష్టం.

ఆ సందేహాన్ని తీర్చినది ఒకే ఒక్క వస్తువు. అది మీనా పని చేసిన బంగారు వివాహ ఉంగరం. దాని శిరోభాగం చిన్న భవనం ఆకారంలో ఉంది. ఆ భవనపు కప్పు మీద హీబ్రూ అక్షరాల్లో ‘మజల్ తోవ్’ అన్న మాట చెక్కి ఉంది. దాని వాచ్యార్థం శుభనక్షత్రం. వ్యవహారంలో అది శుభాకాంక్ష. యూదు ఆచారం ప్రకారం వివాహ ఉంగరంలో రత్నం పొదగరు. ఉంగరం విలువ విషయంలో వధువుకు అపోహ కలగకూడదన్నది అందులోని ఆంతర్యం. ఉంగరం మీది భవనాన్ని జెరూసలేం దేవాలయానికి, కొత్త దంపతుల గృహానికి కూడా సంకేతంగా భావిస్తారు. ఈ ఉంగరం లేకపోతే కోల్మార్ నిధి ఎవరో ధనికుని సొత్తుగానే మ్యూజియం జాబితాకు ఎక్కి ఉండేది.

కాలనిర్ణయానికి నాణేలు తోడ్పడ్డాయి. నిధిలోని నాణేల్లో అన్నిటికంటే చివర ముద్రితమైనది దొరికితే, ఆ నాణెం ముద్రితమైన తరువాతనే నిధిని దాచారని చెప్పవచ్చు. ఎంత కాలం తరువాత అన్నది నాణెం చెప్పదు. ఆ మిగిలిన ఖాళీని పట్టణ చరిత్రతో పూరించవలసి ఉంటుంది.

2. మహామారి, నింద, మౌనం

కోల్మార్ విషయంలో ఆ పూరణకు పెద్దగా వెదుక్కోనక్కరలేదు. 1348లో మహామారి ఐరోపాలో విస్తరిస్తున్నప్పుడు, యూదులు బావుల్లో విషం కలిపారన్న నింద దానికంటే వేగంగా వ్యాపించింది. సవాయ్ ప్రాంతంలోని షియోఁ కోటలో చిత్రహింసలు పెట్టి రాబట్టిన ‘ఒప్పుకోళ్లు’ ఊరూరా చేరాయి. యూదులు కూడా అదే వ్యాధితో మరణిస్తున్నారనీ, యూదులు లేని చోట్ల కూడా వ్యాధి ఉందనీ పోప్ ఆరవ క్లెమెంట్ 1348లో జారీ చేసిన శాసనాల్లో స్పష్టంగా పేర్కొన్నాడు. ఆ మాటను లక్ష్యపెట్టినవారు తక్కువ. 1349 జనవరిలో బాసెల్‌లో, ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో యూదులను సామూహికంగా దహించారు. అదే విపత్తులో కోల్మార్ యూదు సమాజం కూడా నిర్మూలనకు గురైంది. స్ట్రాస్‌బర్గ్‌లో యూదులకు చెల్లించవలసిన అప్పులు రద్దయ్యాయి, తాకట్టు వస్తువులు వాటి యజమానులకు తిరిగి దక్కాయి, నగదును పంచుకున్నారు. హింసకు భయం ఒక కారణమైతే రుణభారం మరొక కారణమని ఈ పంపకమే చెబుతుంది.

దాచిన సొమ్మును యజమాని తరువాత తీసుకుంటే ఆ ఘట్టం ఏ ఆధారమూ మిగలకుండా చరిత్ర నుంచి తొలగిపోతుంది. చరిత్రకారుని చేతికి వచ్చే ప్రతి నిధీ, తిరిగి తీసుకోవడానికి ఎవరూ రాలేకపోయిన నిధే. కాబట్టి నిధుల సంఖ్యను బట్టి సంపదను అంచనా వేయడం కంటే, విపత్తును అంచనా వేయడం సమంజసం. ఇంటి రహస్యం సాధారణంగా ఇద్దరు ముగ్గురికి మాత్రమే తెలుస్తుంది. వారిలో ఒక్కరు బ్రతికినా ఆ గోడ అలా నిలిచి ఉండేది కాదు.

ఈ వాదానికి ఒక పరిమితి ఉంది. మధ్యయుగ యూదులలో వడ్డీ వ్యాపారం చేసినవారు పలువురు. అందువల్ల నిధిలోని ఆభరణాల్లో కొన్ని క్రైస్తవ కుటుంబాలు తాకట్టు పెట్టినవి కావచ్చు. వివాహ ఉంగరాన్ని కుటుంబపు సొంత వస్తువుగా భావించవచ్చు. రత్నాల ఉంగరాల గురించి అంత ధైర్యంగా చెప్పలేం. వస్తువులు గోడలో ఏ అమరికలో ఉన్నాయో, తాకట్టు వస్తువులను వేరుగా మూటగట్టారో లేదో తెలిస్తే ఈ చిక్కు కొంత విడిపోయేది. కాని నిధిని వెలికితీసినది పురావస్తు తవ్వకం కాదు, ఇంటి మరమ్మతు. 1871 నుంచి 1918 వరకు అల్సాస్ జర్మనీ ఏలుబడిలో ఉంది. ఆ ప్రాంతం తిరిగి ఫ్రాన్స్‌కు దక్కిన తరువాత, 1923లో గాని ఆ ఉంగరం పారిస్‌లోని క్లూనీ మ్యూజియానికి చేరలేదు. గోడకూ మ్యూజియానికీ మధ్య 60 ఏళ్ల దూరం ఏర్పడింది.

3. ఎర్ఫర్ట్, 1998

జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో 1349 మార్చి 21న యూదులపై ఇలాంటి మారణకాండే జరిగింది. 1998లో అక్కడి పాత సినగాగ్‌కు సమీపంలో, కొత్త నిర్మాణానికి ముందు జరిపిన పురావస్తు పరిశోధన ముగింపు దశలో, నేలమాళిగ ప్రవేశమార్గపు గోడ కింద ఒక నిధి బయటపడింది. మూడు వేలకు పైగా వెండి నాణేలు, 14 వెండి కడ్డీలు, వందల సంఖ్యలో ఆభరణాలు, వాటితోపాటు ‘మజల్ తోవ్’ అని చెక్కిన భవనాకార వివాహ ఉంగరం అందులో ఉన్నాయి. కోల్మార్ ఉంగరానికి ఇది తోబుట్టువు వంటిది.

రెంటికీ మధ్య ఉన్న భేదం ఫలితంలో కనిపిస్తుంది. ఎర్ఫర్ట్‌లో నిధి ఏ స్థలంలో, ఏ గోడ కింద ఉన్నదో నమోదైంది. ఆ స్థలాన్ని మధ్యయుగపు ఆస్తి పత్రాలతో పోల్చిన పరిశోధకులు, హత్యాకాండ నాటికి దాని యజమాని కాల్మన్ ఫాన్ వీహే అనే యూదు వ్యాపారి అని గుర్తించారు. నిధిని దాచినది అతడేనని చెప్పడానికి ప్రత్యక్ష సాక్ష్యం లేదు. ఆ అవకాశం మాత్రం బలమైనది. కోల్మార్ కుటుంబానికి ఆ మాత్రం పేరు కూడా దక్కలేదు. ఒకే ఏడాది, ఒకే రకమైన విపత్తు, ఒకే రకమైన ఉంగరం. ఒక చోట మనిషి ఉన్నాడు, మరొక చోట వస్తువు మాత్రమే ఉంది.

మార్పులూ చేర్పులూ ఆధారాలను చెరిపివేస్తాయన్నది సగం నిజమే. ఎర్ఫర్ట్ సినగాగ్‌నే తీసుకుంటే, మారణకాండ తరువాత అది గిడ్డంగి అయింది. 19వ శతాబ్దిలో నాట్యశాల అయింది. చుట్టూ లేచిన కట్టడాలు దానిని పూర్తిగా కప్పివేశాయి. నాజీల కాలంలో అది సినగాగ్ అన్న సంగతి ఎవరూ గుర్తించకపోవడం వల్లనే ఆ కట్టడం కూల్చివేతను తప్పించుకుందని పరిశోధకుల అభిప్రాయం. దాని అసలు రూపాన్ని 20వ శతాబ్ది చివరలో కట్టడ పరిశోధకులు వెలికితీశారు. ఇప్పుడు నిధి ప్రదర్శన కూడా ఆ భవనపు నేలమాళిగలోనే ఉంది. ఎర్ఫర్ట్ యూదు మధ్యయుగ వారసత్వాన్ని యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

4. నమోదు కావలసినది

ఈ భేదం తెలుగు ప్రాంతాల చరిత్ర పరిశోధకులకు దూరపు విషయం కాదు. 1878 నాటి భారత నిధినిక్షేపాల చట్టం, నేలలోనే కాక నేలకు అంటి ఉన్న కట్టడాల్లో దాగిన విలువగల వస్తువును కూడా నిధిగానే పరిగణిస్తుంది. పడగొట్టిన పెంకుటింటి గోడలో దొరికిన సొమ్ముకు కూడా ఇదే వర్తిస్తుంది. ఈ చట్టం దాచిన కాలాన్ని నూరేళ్ల గీతతో విడదీసింది. గడచిన 100 ఏళ్లలోపు తామో, తమకు హక్కు సంక్రమింపజేసినవారో దాచినట్లు రుజువు చేసుకోగలిగితే వారసులు దానిని కోరవచ్చు. ఆ గీత దాటితే కుటుంబపు హక్కు ముగుస్తుంది. యజమాని లేనిదిగా తేలిన నిధిలో, వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికించుకున్నవారికి, మిగిలినది స్థలం యజమానికి చెందుతాయి. ప్రభుత్వం కోరితే పరిహారం చెల్లించి స్వాధీనం చేసుకోవచ్చు.

పంపకం విషయంలో ఇంత సూక్ష్మంగా ఆలోచించిన చట్టం, సమాచారం విషయంలో పొదుపు పాటించింది. విలువ 10 రూపాయలు మించిన నిధి దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపవలసినవి మూడే: వస్తువుల స్వభావం, పరిమాణం లేదా విలువ, దొరికిన చోటు, దొరికిన తేదీ. అది ఏ కాలపు గోడ, ఆ గోడను ఎన్నిసార్లు తిరిగి కట్టారు, ఏ వస్తువు దేని పక్కన ఉంది, ఆ ఇల్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది అన్న వివరాలను ఆ నోటీసు కోరదు.